అల్లుళ్ల క్యాను

మంగళవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. ఆసుపత్రి గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు పోతాంది కాబట్టి పదకొండూ ఐదని రాసుకోండి. నాలుగేళ్ల కిందటి ఎండాకాలం. నంద్యాలలో, పిల్లలు లేనోళ్లకు పిల్లలు కలిగించే ఆసుపత్రిలో, ఒక మనిషి ఎవరినీ అడక్కుండా లోపలి గదిలోకి పోయి, ఆడుండే చలిక్యాను మూత తీసి, అందులోకి ఒక పుల్ల దించినాడు. బయటికి తీసి గాలిలో రెండుసార్లు ఊపినాడు. ఊపి చూసి, "అక్కా, మూడు వేళ్లంతే ఉండాది" అన్నాడు.

ఆ మనిషి పేరు నేను రాయను. రాయడం రాక కాదు. ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తాది.

మొన్న రంజాను నెల ఇంకా పెట్టకముందే ఆయన పోయినాడు. ఆళ్లగడ్డలో వాళ్లింటి ముందర షామియానా ఏసింటే పోయి కూర్చున్నా. పశువుల ఆసుపత్రి పెద్దాఫీసరు వచ్చి దండ పెట్టి, నలుగురు వినేట్టు ఒక మాట అన్నాడు. "బంగారంలాంటి మనిషి. ముప్పై ఏళ్లలో ఒకే ఒక్క తప్పు. ఒకసారి బండి మీంచి క్యాను పడేసుకొని సరుకంతా పాడు చేసినాడు. అదొక్కటే." అందరూ తలకాయ ఊపినారు. నేను నోరు మూసుకొని కూర్చున్నా. నేను నోరు మూసుకొని కూర్చోవడమంటే ఎంత కష్టమో నన్నెరిగినోళ్లకు తెలుసు. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు. ఆ ఒక్క తప్పు ఆయనది కాదు. అది చెప్పడానికే ఈ రాత.

ఆయన పని ఆవులకూ ఎనుములకూ సూది వేయడం. ఆవు ఎదకొచ్చిందని కబురు పెడితే బండి మీద క్యాను కట్టుకొని వస్తాడు. బిందెంత క్యాను. లోపల పొగలు కక్కే చలిమందు, నైట్రోజను అంటారు. అందులో సన్నపాటి గొట్టాల్లో మేలుజాతి కోడెల విత్తనం. మామూలోళ్లయితే "సూది తెచ్చినా" అంటారు. ఈయన వాకిట్లోకి రాంగానే, "అక్కా, అల్లుళ్లను తెచ్చినా. ఎవురు కావాల్నో చూసుకో" అనేవాడు.

"ఎంతమంది ఉండారప్పా?"

"ఇరవై మంది. ఒకడు కూడా కట్నం అడగడు."

మూత తెరిచే ముందర గొంతు సవరించుకునేవాడు. ఎందుకప్పా అంటే, "లోపల మగోళ్లుండారు. చెప్పకుండా తలుపు తీస్తే మర్యాదేనా?" అనేవాడు. నవ్వేవాడు కాదు. నవ్వకుండా ఇట్లాంటివి చెప్పడమే ఆయన పెద్ద దుర్గుణం.

ఇంక ఆ పుల్ల. వెదురుపుల్ల, మూరెడు పొడవు, మసి పూసి నల్లగా చేసింది. క్యానులో దించి, తీసి, గాలిలో ఊపితే చలిమందు ఎంతవరకు ఉందో అంతవరకు పుల్ల మీద తెల్లగా నూగు కడ్తాది. అది చూసి లెక్క. "చలి పోనియ్యకూడదక్కా. నా పని అంతే. మిగతాది పైవాని పని." ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పినాడో. పుల్ల ఎప్పుడూ చొక్కా జేబులో పెన్ను పక్కన నిలబడి ఉండేది. అలవాటైపోయి కనపడిందాంట్లో అంతా దించేవాడు. బండి పెట్రోలు ట్యాంకులో దించేవాడు. మా తొట్టిలో నీళ్లు ఎన్ని ఉండాయో దించి చూసేవాడు. ఒక పెండ్లిలో పాయసం బకెట్టులో దించి, "ఇంకా రెండు బంతులకు వస్తాది" అని వంటోనికి చెప్పినాడు. అదే పుల్లా అని నన్నడగొద్దు. నేను ఆ పూట పాయసం తినలేదు.

ఆయనతో నాకు మొదటి తగాదా కార్డు కాడ వచ్చింది. సూది వేసినాక ఒక కార్డు రాసిస్తాడు. అప్పటికి నేను చర్చి పంతులమ్మ కాడ సాయంత్రాలు కూర్చొని అక్షరాలు నేర్చుకుంటాండా. యాభై దాటినాక నేర్చుకుంటే కనపడిందల్లా చదవాలనిపిస్తాది. కార్డు తీసుకొని ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదివినా. రైతు పేరు కాడ మా ఆయన పేరుంది.

"ఇదెవురి పేరప్పా?"

"మీ ఆయనదే గదక్కా."

"మా ఆయన ఎప్పుడన్నా ఆ ఆవుకు గడ్డేసినాడా? దాని ముడ్డి కడిగినాడా?"

ఆయన ఆ కార్డు చింపేసినాడు. ఇంకొకటి తీసి, పెన్ను నా చేతికిచ్చి, "నువ్వే రాసుకో" అన్నాడు. వంకర టింకరగా నా పేరు నేను రాసుకున్నా. పంతులమ్మ పలక మీద కాకుండా నా పేరు నేను రాసుకున్న మొదటి కాగితం అదే. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా పెన్ను నాకే ఇచ్చేవాడు. "చదువుకున్న ఆడోళ్లతో చిక్కేనప్పా" అని మా ఆయన పక్క చూసి అనేవాడు.

ఒకరోజు క్యాను దించి, "అక్కా, ఈసారి అల్లుడు కాదు. ఏకంగా బిడ్డనే తెచ్చినా" అన్నాడు. ఎనకాల జీపులో ఇద్దరు డాక్టర్లు. మంచి ఒంగోలు ఆవుదీ, మంచి కోడెదీ కలిపి బయటనే పిండం చేసి చలిలో పెట్టినారంట. దాన్ని మా నల్లావు కడుపులో పెడ్తారంట. "దాని తల్లి చచ్చి రెండేళ్లయిందక్కా. బిడ్డ ఈ క్యానులోనే ఉండాది. నీ ఆవు కడుపు ఒకసారి ఇయ్యి."

నేను ఇచ్చినా. ఆవును అడగలేదు.

నల్లావు తెల్లదూడను ఈనింది. మోపురమూ అదీ రాజకుమారి మాదిరి. మా వీధిలో వారం దినాలు మా ఆవు నడవడిక గురించే మాటలు. "మీ ఆవు యాడికి పోయిందో కనుక్కోమ్మా" అని ఎదురింటామె నవ్వింది. మా ఆవు అదేం పట్టించుకోలేదు. ఆ దూడను తల నుంచి తోక దాకా నాకి నాకి ఆరబెట్టింది.

అప్పుడు నా కోడలు సలోమి గడ్డేసే గాటి పక్కన నిలబడి చూస్తాండింది. నా కొడుకు కొలిమిగుండ్ల పక్క సిమెంటు ఫ్యాక్టరీలో పని. పెండ్లై పదమూడేళ్లు. నంద్యాల ఆసుపత్రిలో వీళ్లకూ అట్లనే నాలుగు పిండాలు చేసినారు. రెండు పెట్టినారు, నిలబడలేదు. మిగిలిన రెండూ చలిలో పెట్టినారు. ఇంకొకసారి చేసేదానికి సలోమి ఒంట్లో గుడ్లు లేవు, ఈ రెండే అని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. అప్పట్నుంచి ఈ పిల్ల ఆసుపత్రి మాటెత్తితే లేచి పోయేది. "ఐసులో పెట్టింది బతుకుతాదా అత్తా? కూరగాయలే బతకవు" అనేది.

దూడ లేచి తడబడతా పొదుగు వెతుక్కుంటాంటే సలోమి ఆయన్నడిగింది. "అన్నా, ఇది ఎన్నాళ్లుండింది ఐసులో?"

"మూడేండ్లమ్మా."

"దీనికేం కాలేదా?"

"చలి పోనియ్యలేదు. ఏం కాలేదు."

ఆ సాయంత్రం సలోమి నా కాడికొచ్చి, "పోదాం అత్తా నంద్యాలకు" అనింది.

పోదాం సరే. నాకు అనుమానం. చలిక్యాను సంగతి నాకు కొంచెం తెలుసు గదా. ఆసుపత్రోళ్లు తెల్లకోట్లేసుకున్నంత మాత్రాన పుల్ల దించి చూస్తారని నమ్మకమేంది? ఈయన్నే అడిగినా. "నువ్వొకసారి వచ్చి చూడప్పా. వీళ్లు సరిగ్గా పెట్టినారో లేదో నీ కండ్లతో చూసి చెప్పు."

"అక్కా, అది మనుషుల ఆసుపత్రి. నన్ను గేటు కాడే తరుముతారు."

"నేనుండా లే."

ఆ మంగళవారం ఆయన ఎట్లాగూ నంద్యాల నుంచి మందు నింపుకొచ్చేది ఉండింది. క్యాను నింపించుకొని, అల్లుళ్లను ఎక్కించుకొని, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని ఆసుపత్రికి వచ్చినాడు. ఎండకు బండి మీద పెట్టకూడదని క్యాను లోపలికి తెచ్చి కాళ్ల మధ్య పెట్టుకొని కూర్చున్నాడు. కాపలా ఓబులేసు వచ్చి, "పాలు క్యాంటీనుకు ఎనక దావలో పోవాల" అన్నాడు.

"పాలు కావు. ఇంకా ముందర సంగతి" అన్నాడు ఈయన.

ఆ హాలు మీరు చూడాల. ముప్పై మంది ఉండారు, ఒక్కరు కూడా మాట్లాడరు. ఆడోళ్లు కొంగు ముక్కు దాకా లాక్కొని, మగోళ్లు సెల్లులో తలకాయ పెట్టుకొని. ఎవురికీ ఎవురూ తెల్దన్నట్టు. ఈయన చుట్టూ చూసినాడు. ఈయనకు ఈ పక్క నూరు ఊర్లలో మనుషుల మొగాలు గుర్తుండవు, వాళ్ల ఆవులు గుర్తుంటాయి. మూలలో కొంగు కప్పుకున్న ఒకామెను గుర్తుపట్టేసినాడు. గట్టిగా అడిగినాడు. "ఏమ్మా, నువ్వు గడివేముల గదా? మొన్న వేసినాం గదా, కట్టిందా?"

హాలంతా తలకాయలు లేచినాయి. ఆమె మొగుడు సెల్లు కింద పడేసుకున్నాడు.

"ఆవుకమ్మా, ఆవుకు!" అని నేను అరిచినా. అప్పుడు ఒకడు కిసుక్కున నవ్వినాడు. పక్కనామె నవ్వింది. కొంగు తీసి మరీ నవ్వింది. అప్పటిదాకా సావింటి మాదిరి ఉన్న హాలు కాసేపు మనుషులుండే తావయింది. గడివేములామె కూడా చివరికి కొంగు చాటు నుంచే, "కట్టిందన్నా" అనింది. "శానా సంతోషం" అన్నాడు ఈయన, ఏమీ జరగనట్టు.

అప్పుడే లోపలి గది తలుపు తెరుచుకుంది. పిండాలను చూసుకునే పిల్ల, శ్రావణి, ఏదో కాగితం కోసం బయటికొచ్చింది. తలుపు సందులోంచి లోపలి క్యాను కనపడింది. ఈయన మొగం మారింది.

"అక్కా, క్యాను చెమట పోస్తాంది."

మంచి క్యాను బయట పొడిగా ఉండాల. లోపల ఎంత చలున్నా బయట చెయ్యి పెడితే తెలియకూడదు. మెడ కాడ చెమట పట్టిందంటే దాని గోడలో ఎక్కడో గాలి దూరింది, లోపలి చలి బయటికి పోతాందని లెక్క. ఇది ఆయన నాకు ముందే చెప్పినాడు.

ఆయన పోయి చెప్పినాడు. "పాపా, మీ క్యాను చెడిపోతాంది. ఒకసారి చూడు."

శ్రావణి ఆయన్ను కింద నుంచి పైకి చూసింది. ఇస్త్రీ చొక్కా అయినా పేడ వాసన వాసనే. "మీరెవరండీ? ఏసీకి అట్లా పడుతుంది. ఎనిమిదింటికే చూసినాను, నిండుగా ఉంది."

"ఎనిమిదింటికి బాగున్నోడు పదకొండింటికి చావడా?" అన్నా నేను. అని ఊరికే ఉండలేదు. పోయి తలుపులో నిలబడినా. నేను లావు మనిషిని. నేను నిలబడితే తలుపు పడదు.

ఆయన చెప్పులు బయట విడిచినాడు. లోపలికి పోయి మూత మీద చెయ్యి పెట్టి, గొంతు సవరించుకున్నాడు. ఆ తొందరలో కూడా. మూత తీసి పుల్ల దించినాడు.

తర్వాతది ముందే చెప్పినా గదా. మూడు వేళ్లంత.

"ఎంతుండాల పాపా?" అన్నా.

శ్రావణి చేత్తో జానెడు కన్నా ఎక్కువ చూపించింది. డాక్టరమ్మ హేమలత పరుగెత్తుకుంటా వచ్చింది. ఫోన్లు చేసినారు. కొత్త క్యాను, మందు బండి కర్నూలు నుంచి రావాల, సాయంత్రం నాలుగవుతాదన్నారు. "ఇది ఒంటిగంట దాకా ఆగదు తల్లీ" అన్నాడు ఈయన. సలోమి గోడకానుకొని కింద కూర్చుండిపోయింది. ఎనకాల చూస్తే హాలు హాలంతా తలుపు కాడికొచ్చింది. వాళ్లందరివీ అందులోనే ఉండాయి మరి.

ఈయన తన క్యాను పక్క చూసినాడు. కొంచెం సేపే. "నా కాడ నిండుగా ఉండాది. చుక్క మిగల్చకుండా పోస్తేనే చాలుతాది, పోస్తా. కానీ నా అల్లుళ్లను మీ క్యానులో ఒక మూల పెట్టుకోనియ్యాల."

"అల్లుళ్లా?" అని డాక్టరమ్మ.

నేను చెప్పినా ఏంటివో. ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టింది. "అమ్మో, మనుషుల వాటిల్లో పశువులవా! కుదరదండీ. మందు పోయండి. మావన్నీ సీలు వేసిన గొట్టాల్లో ఉన్నాయి, దానికేం కాదు. కానీ అవి పెట్టడం మాత్రం కుదరదు."

"పెడితే కొమ్ములొస్తాయా?" అన్నా నేను. ఎవురూ నవ్వలేదు.

ఆయన వాదించలేదు. "సరే తల్లీ" అన్నాడు. కింద పేపరు పరిచినాడు. తన క్యానులోంచి అల్లుళ్లను తీసి ఒక్కొక్కరినే దాని మీద పడుకోబెట్టినాడు. బయటికొస్తే వాటికి ఆయుష్షు నిమిషమే. కర్చీఫు తీసి పైన కప్పినాడు. అప్పుడు క్యాను భుజానికెత్తి పోసినాడు. తెల్లటి పొగ కాళ్ల మీదుగా పొర్లుకుంటా హాలు దాకా పోయింది. పోసి, పుల్ల దించి, ఊపినాడు. జానెడు.

ఆ తర్వాత ఆయన ఆడనుంచి కదల్లేదు. క్యాను పక్కన స్టూలేసుకొని, పావుగంటకొకసారి పుల్ల దించుతా కూర్చున్నాడు, పొదిగే కోడి మాదిరి. సలోమి అన్నం పొట్లం తెచ్చి పెడితే ఎడమ చేత్తో తిన్నాడు, కుడిచేతిలో పుల్లుంది. నాలుగూ ఇరవైకి బండి వచ్చింది. పిండాలన్నీ కొత్త క్యానులోకి మార్చినారు. మార్చినాక కొత్తదాంట్లో కూడా పుల్ల దించి చూసి, అప్పుడు లేచినాడు.

సైకిల్ స్టాండు కాడ నన్ను పక్కకు పిలిచినాడు. "అక్కా, ఒక సాయం చెయ్యి. ఒక రాయి తీసుకొని ఈ క్యానును కొట్టు. నాకు చెయ్యి రాదు."

"పిచ్చి పట్టిందా?"

"బండి పడి మందు పారిపోయింది, అల్లుళ్లు చచ్చిపోయినారని ఆఫీసులో రాస్తా. సొట్ట లేకుంటే నమ్మరు."

"జరిగింది రాయొచ్చు గదప్పా. మంచి పనే గదా చేసినావ్."

"రాస్తే నా మెమో సరే. ఈ డాక్టరమ్మ క్యానులో పశువుల మందు పోయించుకుందని ఊరంతా పాకుతాది, ఎవురొస్తారు ఈడికి? రేపు నీ ఇంట్లో బిడ్డ పుడితే ఎద్దుల చలిలో పెరిగిందని ఏడిపిస్తారు. బండి పడిందంటే నా ఒక్కనితో పోతాది. నా పేరు యాడా ఎత్తొద్దు. మాటియ్యి."

మాటిచ్చినా. రాయి తీసుకొని కొట్టినా. మొదటి దెబ్బకు సొట్ట పడలేదు, గట్టి క్యాను. రెండో దెబ్బకు పడింది. ఆయన ప్రతి దెబ్బకూ కండ్లు మూసుకున్నాడు. ఊపులో బండిని కూడా రెండు గీతలు గీకినా. "చాలక్కా, చాలు! బండి నా సొంతంది!" అని అడ్డం వచ్చినాడు.

ఇదీ ఆ ఒక్క తప్పు. ఆఫీసర్ సారూ, ఆ సొట్ట నాది.

నెల తిరిగినాక రెండు పిండాలూ పెట్టినారు. ఒకటి నిలబడింది. పుట్టినాక ఆయన చూడ్డానికొచ్చి, ఒళ్లో పెట్టుకొని, "ఏం పుల్లైసూ, బాగుండావా?" అన్నాడు. ఇప్పటికీ మా వీధిలో దాని పేరు పుల్లైసే. పేరు ఇంకెవురో పెడతారని భయపడిన మనిషి తానే పెట్టిపోయినాడు. మొన్న మూడేండ్ల ఆ పిల్ల పొయ్యి మీది పప్పుకుండలో పొరకపుల్ల దించి, తీసి, గాలిలో రెండుసార్లు ఊపి, కండ్లు చిట్లించి చూస్తాంది. ఎప్పుడు నేర్పిచ్చిపోయినాడో.

ఇదంతా రాయొచ్చునా అని డాక్టరమ్మను అడిగినా. "నా పేరు కూడా రాయమ్మా. ఆయన రాకపోయుంటే ఆ ఆసుపత్రి తలుపు నేను మళ్లీ తెరిచేదాన్ని కాదు" అనింది. ఆయనకు పేరు రాయనని మాటిచ్చినా, రాయల్యా. ఆళ్లగడ్డ పక్కోళ్లు చదివి, ఎవురో తెలుసుకుంటే అది నా పూచీ కాదు.

ఆ రోజు ఆడ ఎవురెవురున్నారో రాస్తాండా. డాక్టరమ్మ హేమలత. పిండాల శ్రావణి, ఇప్పుడు రోజుకు మూడుసార్లు పుల్ల దించుతాది. కాపలా ఓబులేసు. గడివేములామె, పేరు రాస్తే నన్ను చంపుతాది కాబట్టి ఆవు పేరు రాస్తా, గౌరి. నా కోడలు సలోమి. నా కొడుకు లేడు, డ్యూటీ. నేను, మరియమ్మ, ఆవు కార్డు మీద రాసుకున్న పేరే. పేపరు మీద కర్చీఫు కప్పుకొని ఇరవై మంది అల్లుళ్లు. చేతిలో పుల్ల పట్టుకొని ఒక మనిషి. క్యాను అడుగున, మూడు వేళ్ల చలిలో, నా ఇంటోళ్లు ఇద్దరు. ఒకరికి పేరు పెట్టే పని పడలేదు. ఇంకొకరు కృప. అప్పటికి ఆవగింజంత కూడా లేదు. అయినా ఆడనే ఉండింది. రాసుకోండి.